నేలకు ఎంత ఎత్తున? కారు స్ప్రింగుల కథ

మీ ఊళ్లో స్పీడ్ బ్రేకర్ ఉన్న కూడలి దగ్గర ఓ పావుగంట నిలబడి వచ్చేపోయే కార్లను గమనించండి. చాలా కార్లు వేగం తగ్గించి నేరుగా దాటిపోతాయి. ఎప్పుడో ఒకటి మాత్రం ఏటవాలుగా తిరిగి, ఒక్కో చక్రాన్నీ విడివిడిగా ఎక్కించి, జాగ్రత్తగా దింపుకుంటూ వెళ్తుంది. అది నేలను కరుచుకుని ఉన్నట్టు కనిపిస్తుంది. దాని యజమాని కంపెనీ ఇచ్చిన స్ప్రింగులు తీసేసి పొట్టివి వేయించాడన్నమాట. వీటినే లోయరింగ్ స్ప్రింగులు అంటారు.

ఇలా చేయడం తెలివైన పనా, తెలివితక్కువ పనా? ఒక్క మాటలో తేల్చేయడం తేలికే. కానీ అసలు వాహనం నేలకు ఎంత ఎత్తున ఉండాలి అనే ప్రశ్నకు రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రా, మీరు ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకునే రెండు మూడు సూత్రాలూ తెలిస్తే జవాబును మీరే రాబట్టవచ్చు.

తోలు పట్టీల నుంచి ఉక్కు కమానుల దాకా

మన ఎడ్లబండికి స్ప్రింగులు లేవు. చక్రం రాయెక్కితే బండీ, బండిలోని మనిషీ కలిసి రాయెక్కాల్సిందే. ఎడ్ల నడక వేగానికి అది సరిపోయింది. గుర్రాలు లాగే బండ్లలో వేగం పెరిగేసరికి కుదుపు భరించలేనిదైంది. ఐరోపాలో బండి తొట్టిని తోలు పట్టీలతో చట్రానికి వేలాడదీశారు. తర్వాత ఉక్కు పట్టీలను పేర్చి కట్టిన స్ప్రింగులు వచ్చాయి. మన లారీలకు ఈనాటికీ ఉండే కమాను కట్టలు వాటి సంతతివే.

1804లో లండన్ వాసి ఒబడియా ఇలియట్ అనే బండ్ల తయారీదారు దీర్ఘవృత్తాకారపు స్ప్రింగుకు పేటెంటు పొందాడు. రెండు ఉక్కు విల్లులను ఎదురెదురుగా పెట్టి చివరలు కలిపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అంతకు ముందు ముందు ఇరుసునూ వెనుక ఇరుసునూ కలుపుతూ బండి కింద ఒక బరువైన దూలం ఉండేది. ఇలియట్ స్ప్రింగులను నేరుగా ఇరుసులకూ తొట్టికీ మధ్య అమర్చడంతో ఆ దూలం అవసరం తప్పింది. దూలం పోయాక తొట్టిని మరింత కిందికి దించే వీలు కలిగింది. బండి తేలికైంది, ఎక్కడం దిగడం సులువైంది, మలుపుల్లో తిరగబడే ప్రమాదమూ తగ్గింది.

ఈ సంగతిని గుర్తుపెట్టుకోండి. ఇక్కడ స్ప్రింగు కదలడానికి ఉన్న చోటును తగ్గించలేదు. కింద అడ్డంగా ఉన్న వస్తువును తీసేసి ఎత్తు తగ్గించారు. రాబోయే కథంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

హుక్ సూత్రం చెప్పేది

స్ప్రింగుల లెక్క ఇలియట్ కంటే ముందే సిద్ధంగా ఉంది. రాబర్ట్ హుక్ 1676లో తన సూత్రాన్ని ఇతరులు అందుకోకుండా అక్షరాలు తారుమారు చేసి ప్రకటించి, 1678లో విప్పి చెప్పాడు. స్ప్రింగును ఎంత సాగదీస్తే లేదా నొక్కితే అంతకు అనులోమానుపాతంలో బలం పుడుతుందన్నదే ఆ సూత్రం. ఒక మి.మీ. నొక్కడానికి 20 న్యూటన్లు కావాలంటే 10 మి.మీ. నొక్కడానికి 200 న్యూటన్లు కావాలి. ఈ నిష్పత్తే స్ప్రింగు బల స్థిరాంకం.

కారు బరువు మీద పడినప్పుడు స్ప్రింగు కొంత కుంగి నిలుస్తుంది. కారు ఎంత పౌనఃపున్యంతో పైకీ కిందికీ ఊగుతుందో ఆ కుంగుబాటు ఒక్కటి తెలిస్తే చెప్పేయవచ్చు. 25 సెం.మీ. కుంగితే సెకనుకు ఒక డోలనం. 16 సెం.మీ. అయితే సుమారు 1.25. 11 సెం.మీ. అయితే 1.5. లఘులోలకం సూత్రంలో పొడవు ఉండే చోట ఈ కుంగుబాటును పెట్టి చూడండి, సరిపోతుంది. 25 సెం.మీ. దారానికి రాయి కట్టి ఊపితే, 25 సెం.మీ. కుంగిన స్ప్రింగు మీది కారు ఎంత నిదానంగా ఊగుతుందో కళ్లారా చూడవచ్చు.

ఈ అంకెలకు మన శరీరంతో సంబంధం ఉంది. నిలువు కుదుపుల్లో సెకనుకు 4 నుంచి 8 డోలనాల మధ్య ఉండేవి మొండేన్ని ఎక్కువగా బాధిస్తాయి. మరీ నెమ్మదిగా, సెకనుకు అర డోలనం కన్నా తక్కువగా ఊగితే కడుపులో తిప్పుతుంది. అందుకే ఇంటి కార్ల స్ప్రింగులు సాధారణంగా 1 కీ 1.5 కీ మధ్య ఉండేట్టు చూస్తారు.

కార్లు కిందికి దిగిన వైనం

తొలి కార్లు గుర్రం లేని గుర్రపు బండ్లే. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి ముందు ఒకటి, వెనుక ఒకటి అడ్డంగా అమర్చిన కమాను స్ప్రింగుల మీద ఎత్తుగా నిలబడేది. ఆనాటి అమెరికా పల్లెల్లో రోడ్లంటే బురద గాళ్లే. ఆ గాళ్లలో ఇరుసు తగలకుండా పోవాలంటే ఆ ఎత్తు తప్పనిసరి.

1922లో ఇటలీ కంపెనీ లాన్సియా, లాంబ్డా అనే కారును చూపింది. అంతవరకూ కారంటే కింద నిచ్చెన లాంటి చట్రం, దాని మీద విడిగా బిగించిన బాడీ. లాంబ్డాలో బాడీయే బరువు మోసింది. చట్రం లేదు కనుక మనుషులు కూర్చునే చోటు కిందికి దిగింది. 1934లో ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీ ట్రాక్సియోన్ అవాన్‌ను విడుదల చేసింది. ఇందులో ఇంజన్ ముందు చక్రాలనే తిప్పుతుంది. వెనుక ఇరుసుకు శక్తిని మోసుకెళ్లే పొడవాటి కడ్డీ లేకపోవడంతో నేల ఇంకా దిగింది.

ఇలియట్ దూలాన్ని తీశాడు. లాన్సియా చట్రాన్ని తీసింది. సిట్రోయెన్ కడ్డీని తీసింది. ప్రతిసారీ కారు దిగింది, గరిమనాభి దిగింది. చక్రం పైకి లేవడానికి ఉన్న ఖాళీ మాత్రం అలాగే ఉంది.

మారిస్ ఓలీ ప్రయోగం

రోల్స్ రాయిస్‌లో పనిచేసిన మారిస్ ఓలీ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1930లో అమెరికా వెళ్లి కాడిలాక్‌లో చేరాడు. అక్కడ 1932లో ఒక కారుకు ముందూ వెనుకా జరపగల బరువులు అమర్చి, స్ప్రింగులు మార్చి మార్చి నడిపించి చూశాడు. అందులో కూర్చున్నవాళ్ల అనుభవమే ప్రధాన కొలమానం.

ఫలితం ఆసక్తికరమైనది. అప్పటిదాకా కార్లకు ముందు స్ప్రింగులు బిరుసుగా, వెనుకవి మెత్తగా ఉండేవి. ఓలీ దీన్ని తలకిందులు చేయమన్నాడు. కారణం ఇది: గుంట ముందు చక్రానికి మొదట తగులుతుంది, వెనుక చక్రానికి కాస్త ఆలస్యంగా తగులుతుంది. ఇరుసుల మధ్య 2.4 మీటర్ల దూరం ఉన్న కారు గంటకు 60 కి.మీ. వేగంతో పోతుంటే ఈ ఆలస్యం 0.14 సెకను. ఆలస్యంగా మొదలైన వెనుక భాగం కాస్త చురుగ్గా ఊగితే ముందు భాగాన్ని అందుకుంటుంది. అప్పుడు కారు ముక్కూ తోకా మార్చి మార్చి ఎగరకుండా మొత్తంగా సమంగా లేచి దిగుతుంది. వెనుకది మెత్తగా ఉంటే ఎప్పటికీ అందుకోలేదు.

ముందు స్ప్రింగులు మెత్తబడాలంటే ముందు చక్రాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడివిడిగా కదలాలి. 1934లో జనరల్ మోటార్స్ కార్లు అలాంటి అమరికతో వచ్చాయి. కాబట్టి కారుకు ఉండే నాలుగు స్ప్రింగులూ ఒక జట్టు. అందం కోసం ముందు రెండింటినే మార్చేవారు తొంభై ఏళ్ల నాటి ఈ పాఠాన్ని చెరిపేస్తున్నారని గ్రహించాలి.

ఎత్తును మార్చుకునే కార్లు

1955 పారిస్ ప్రదర్శనలో సిట్రోయెన్ డి.ఎస్. కారు అందరినీ ఆశ్చర్యపరిచింది. ఇందులో ఉక్కు స్ప్రింగులకు బదులు గోళాల్లో బంధించిన నైట్రోజన్ వాయువు, దానిని నొక్కే ద్రవం ఉంటాయి. బరువెక్కితే పంపు మరికొంత ద్రవాన్ని పంపి కారును పాత ఎత్తుకే తెస్తుంది. గతుకుల దారి వస్తే డ్రైవరు ఒక లివరు జరిపి కారును ఇంకా పైకి లేపవచ్చు.

అదే కాలంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో మెక్సికన్ సంతతి యువకులు కార్లను కిందికి దించడాన్ని ఒక కళగా పెంచారు. డిక్కీలో ఇసుక బస్తాలు వేసేవారు, స్ప్రింగు చుట్లు కోసేవారు. చక్రపు రిమ్ము అడుగు కంటే కిందికి కారు భాగమేదీ దిగరాదని ఆ రాష్ట్రం 1958 నుంచి చట్టం చేసింది. 1959లో రాన్ అగ్విరే అనే యువకుడు విమానాల్లో వాడిన హైడ్రాలిక్ పంపులూ వాల్వులూ తెచ్చి తన కారుకు అమర్చాడు. ఆగినప్పుడు దించుకోవచ్చు, పోలీసు కనబడితే లేపుకోవచ్చు. ఆ నిషేధాన్ని కాలిఫోర్నియా 2024 జనవరి 1 నుంచి ఎత్తివేసింది.

రేసు కార్లదీ ఇలాంటి కథే. 1981లో ఫార్ములా వన్ కార్లు నేలకు కనీసం 6 సెం.మీ. ఎత్తున ఉండాలని నిబంధన పెట్టారు. కొలిచేది మాత్రం కారు ఆగి ఉన్నప్పుడు. బ్రాభమ్ జట్టు ఇంజనీరు గోర్డన్ మర్రే, వేగం పెరిగి గాలి ఒత్తిడి పడినప్పుడు కిందికి దిగి, ఆగేటప్పుడు తిరిగి లేచే అమరిక చేశాడు. అంత వేగంలో కారు కింద గాలి ప్రవాహమే దాన్ని నేలకు అదిమిపెడుతుంది కనుక ప్రతి సెంటీమీటరూ విలువైనదే. ఊళ్లో 40 కి.మీ. వేగంతో కాలేజీకి వెళ్లే కారుకు ఆ గాలి సహాయం లెక్కలోకి వచ్చేంత ఉండదు.

లాభం ఎంత?

ఇప్పుడు లెక్క వేద్దాం. కారు 1000 కి.గ్రా. ఉందనుకోండి. గరిమనాభి ఎత్తు 55 సెం.మీ., కుడి ఎడమ చక్రాల మధ్య దూరం 140 సెం.మీ. మలుపులో గురుత్వ త్వరణంలో సగం త్వరణం ఉంటే, లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే భారం 1000 × 0.5 × 55 ÷ 140, అంటే సుమారు 196 కి.గ్రా. కారును 3 సెం.మీ. దించితే 55 స్థానంలో 52 వస్తుంది. జవాబు 186. తేడా 10 కి.గ్రా.

లాభం ఉన్న మాట నిజమే. అది ఆరు శాతానికి లోపే.

ఈ లాభాన్ని కూడా తగ్గించే సంగతి ఒకటుంది. నేటి చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు ఎర్ల్ మాక్‌ఫర్సన్ పేరుతో ప్రసిద్ధమైన స్ట్రట్ అమరిక ఉంటుంది. అందులో కింది చేయి సుమారు అడ్డంగా ఉండాలి. కారును బాగా దించితే ఆ చేయి చక్రం వైపు పైకి వాలుతుంది. అప్పుడు బాడీ ఏ బిందువు చుట్టూ పక్కకు వాలుతుందో ఆ బిందువు గరిమనాభి కంటే వేగంగా కిందికి పోతుంది. రెంటి మధ్య దూరం పెరిగి, మలుపులో కారును వాల్చే భ్రామకం తగ్గడానికి బదులు పెరగవచ్చు. పొట్టి స్ప్రింగు బిరుసుగా ఉండటం వల్లనే ఆ వాలు బయటికి కనబడదు.

నష్టం ఎంత?

చక్రం పైకి లేవడానికి కంపెనీ ఇచ్చిన ఖాళీ 8 సెం.మీ. అనుకుందాం. ఆపైన రబ్బరు దిమ్మె తగులుతుంది. 2 సెం.మీ. దించితే మిగిలేది 6. అదే గుంట ఇచ్చే అంతే శక్తిని ఆరు సెంటీమీటర్లలోనే తట్టుకోవాలి. స్ప్రింగులో నిల్వ ఉండే శక్తి కదలిక వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక స్ప్రింగు 8/6 వర్గం, అంటే సుమారు 1.8 రెట్లు బిరుసుగా ఉండాలి. 4 సెం.మీ. దించితే నాలుగు రెట్లు! అంత బిరుసు స్ప్రింగును రోజువారీ కారుకు ఎవరూ వేయరు. అందుచేత మిగిలిన దెబ్బను రబ్బరు దిమ్మె, ఆ తర్వాత బాడీ, చివరికి మీ వెన్నెముక పంచుకుంటాయి. మలుపు మధ్యలో దిమ్మె తగిలితే ఆ చక్రం దగ్గర స్ప్రింగు లేనట్టే అవుతుంది. టైరు పట్టు ఒక్కసారిగా జారవచ్చు.

చుట్లు కోయించడం ఇంకా ప్రమాదం. కాయిల్ స్ప్రింగు బల స్థిరాంకం చుట్ల సంఖ్యకు విలోమానుపాతంలో ఉంటుంది. 8 పనిచేసే చుట్లలో 2 కోస్తే బిరుసు మూడో వంతు పెరుగుతుంది. అది చాలదన్నట్టు, కోసిన కొస గిన్నెలో సరిగా కూర్చోదు. చక్రం గాలిలో వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై చోటు తప్పవచ్చు. గ్యాస్ మంటతో వేడిచేసి కుంగదీసే పద్ధతిలో ఉక్కుకు పెట్టిన పదునే పోతుంది. పాత షాక్ అబ్సార్బర్లు కూడా పాత స్ప్రింగుల డోలనాలను అణచడానికి చేసినవే. కొత్త బిరుసుకు అవి చాలకపోవచ్చు.

కొన్ని కార్లలో వెనుక బ్రేకు ఒత్తిడిని నియంత్రించే వాల్వు ఉంటుంది. వెనుక ఇరుసుకూ బాడీకీ మధ్య దూరం తగ్గితే కారులో బరువు ఉందని అది అనుకుంటుంది. వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. మీరు కారును దించి ఆ వాల్వును సరిచేయకపోతే, ఖాళీ కారునే అది బరువున్న కారుగా పొరబడుతుంది. తడి రోడ్డు మీద వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుని కారు తిరిగిపోతుంది.

మన రోడ్ల లెక్క

1957 నుంచి 2014 వరకు ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్‌కు ముందు మెలి తిరిగే కడ్డీలు, వెనుక కమాను కట్టలు ఉండేవి. అరడజను మంది, డిక్కీ నిండా సామాను, గతుకుల దారి: వీటిని దృష్టిలో పెట్టుకునే మనవాళ్లు కార్లను చూస్తారు. అది పాత అలవాటు కాదు, నేటి అవసరం కూడా.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉండాలి. దాని వంపు 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలోని చాపం. 2.4 మీటర్ల దూరంలో చక్రాలున్న కారు దానిమీద పూర్తిగా ఎక్కినప్పుడు కారు పొట్ట కిందికి పొడుచుకు వచ్చే ఎత్తు 4.2 సెం.మీ. మాత్రమే. (2.4 వర్గాన్ని 8 × 17తో భాగించి చూడండి.) ఈ ప్రమాణం పాటిస్తే దించిన కారు కూడా నిదానంగా పోతే దాటేస్తుంది.

వీధిలోవాళ్లు కంకర, సిమెంటు తెచ్చి రాత్రికి రాత్రే కట్టిన ఇరుకు గట్టు సంగతి వేరు. అది 12 సెం.మీ. ఎత్తుంటే ఆ 12 సెం.మీ. మొత్తం కారు పొట్ట కిందికి వస్తుంది. కారు ఖాళీగా 17 సెం.మీ. ఎత్తున ఉందనుకోండి. 3 సెం.మీ. దించితే 14. వెనుక ముగ్గురూ, డిక్కీలో సామానూ చేరి వెనుక స్ప్రింగులు ఒక్కొక్కదానిపై 75 కి.గ్రా. పడితే, మి.మీ.కు 20 న్యూటన్ల స్ప్రింగు 3.7 సెం.మీ. కుంగుతుంది. కారు మధ్యలో దానిలో సగం, దాదాపు 2 సెం.మీ. ఇక మిగిలింది 12. గీసుకుపోయేది ఇంజన్ ఆయిల్ తొట్టె కావచ్చు, సైలెన్సర్ గొట్టం కావచ్చు.

చట్టం మాటేమిటి? 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి అనుమతించదు. తయారీదారు నిర్దేశించిన మూల వివరాలకు భిన్నంగా మార్చిన వాహనాన్ని రిజిస్టర్ చేయరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి స్ప్రింగులు కొనేముందు రవాణా కార్యాలయాన్నీ, బీమా కంపెనీనీ రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది.

ఎంచుకోవడం ఎలా?

మీలో కొందరు చదువు ముగించగానే సెకండ్‌హ్యాండ్ కారు కొంటారు. ఎవరో స్నేహితుడు తన కారుకు పొట్టి స్ప్రింగులు వేయించి, మీకూ వేయించుకోమంటాడు. అప్పుడు వాదించకండి, కొలవండి.

మొదట చక్రం మధ్య బిందువు నుంచి పైన బాడీ అంచు దాకా నాలుగు వైపులా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తేడా కూడా అందులో కలుస్తుంది. తర్వాత ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మళ్లీ కొలవండి. షాక్ అబ్సార్బర్ మెరిసే కడ్డీ కనబడేట్టు ఉంటే, దానికి సన్నటి ప్లాస్టిక్ టై కట్టి వారం రోజులు మామూలుగా తిరగండి. టై ఎంత దూరం జరిగితే అంత ఖాళీని మీ దారి వాడుకుంటోందని అర్థం. అది దాదాపు చివరిదాకా జరిగి ఉంటే, మీ కారులో దించడానికి మిగులు చోటు లేదు. చివరగా, మీరు రోజూ దాటే గట్లలో అన్నిటికంటే ఎత్తైనదాన్ని స్కేలుతో కొలవండి.

ఇవన్నీ చూశాక కూడా ఖాళీ మిగిలి, చట్టం అడ్డురాకపోతే, నాలుగూ ఒక జట్టుగా, ఆ మోడల్‌కే తయారుచేసినవి, వాటికి తగిన షాక్ అబ్సార్బర్లతో కలిపి, 2 సెం.మీ.కు మించకుండా ఎంచుకోవాలి. అమర్చాక చక్రాల కోణాలు, హెడ్‌లైట్ల వాలు, బ్రేకు వాల్వు సరిచూపించాలి. ఖాళీ మిగలకపోతే కొత్త టైర్లు, కొత్త షాక్ అబ్సార్బర్లు వేయించండి. కారు నిలకడ కోసం ఆ డబ్బుకు అంతకన్నా మంచి ఖర్చు లేదు.

ఇలియట్ నుంచి సిట్రోయెన్ దాకా కారును దించినవాళ్లందరూ ముందు కింద ఏముందో చూసి, అక్కర్లేనిదాన్ని తీశారు. మీ కారు కింద అక్కర్లేనిది ఏమైనా ఉందేమో టేపు పట్టుకుని ఒకసారి వంగి చూడండి.